పట్టీ బూట్లు

స్కూలు తెరిచి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో మా చిన్నదానికి మూడు జతల బూట్లు ఊడాయి. మొదటి జత నలభై రోజులు ఆగింది. రెండోది నెల. మూడోది సరిగ్గా ఇరవై రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చిన తీరు చూడాలి. ముందు వైపు అడుగు నోరు తెరుచుకుని వేలాడుతోంది, పిల్ల ఒక్కో అడుగు వేస్తుంటే టపా టపా నేలను కొడుతోంది, వీధిలో వాళ్ళంతా తలలు తిప్పి చూస్తున్నారు. గుమ్మంలో ఆగి అది నా మొహం వంక చూసింది. నేను బూటు వంక చూశాను. ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీనా!" అన్నాను.

"నేనేం చేయలేదమ్మా. పరిగెత్తానంతే."

నిజమే, అది ఇంకేం చేయదు. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళన్న దాన్ని తూనీగ అని పిలుస్తాడు, ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది. పాలు తెమ్మంటే పరుగు, పక్కింటి వాళ్ళని పిలుచుకు రమ్మంటే పరుగు, కాసేపు కుదురుగా కూర్చోవే అంటే కూర్చున్న చోటే కాళ్ళు ఆడిస్తూ ఉంటుంది. స్కూల్లో ఇంటర్వెల్ గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ కొట్టేదాకా మైదానం చుట్టూ తిరుగుతూనే ఉంటుందట. వాళ్ళ క్లాసులో మగపిల్లలు కూడా దాన్ని అందుకోలేరట. ఆ సంగతి చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోతుంది. అది మొదటి ర్యాంకు తేకపోయినా నాకు ఫరవాలేదు, ఆ వెలుగు పోకూడదు. నేను ఎవరితోనూ ఈ మాట అనలేదు గానీ, నాకు కావలసింది అదొక్కటే.

మా ఆయన నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఏం జరిగినా ఆయన నోట ఒకటే మాట, "పోనీలే". జీతం వారం ఆలస్యమైతే పోనీలే. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే పోనీలే. మా వీధిలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు, పోనీలే గారి ఇల్లు అంటే మాత్రం చంటిపిల్లలు కూడా చూపిస్తారు. ఆ సాయంత్రం కూడా బూటు అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే, ఇంకో జత కొందాం" అన్నాడు.

"ఎన్ని జతలు కొంటామయ్యా? డబ్బులేమైనా ఊరికే వస్తున్నాయా? పెద్దాడి బూట్లు చూడు, రెండో ఏడు నడుస్తోంది!"

పెద్దాడంటే మా అబ్బాయి. వాడికి పదకొండేళ్ళు, అదే స్కూలు. వాడు ఆ బూట్లతో బంతి తంతాడు, రాళ్ళు తంతాడు, గోడలెక్కుతాడు, వానలో తడిపి పొయ్యి పక్కన ఆరేస్తాడు. ముక్కు దగ్గర గీసుకుపోవడమే తప్ప ఒక్క కుట్టు కదల్లేదు. అదే షాపులో కొన్నాం. అదే కంపెనీ. ధర కూడా అదే. నాకు అక్కడే తిక్క రేగింది. ఇద్దరి బూట్లూ పట్టుకుని గుమ్మం మెట్టు మీద వెలుగులో కూర్చున్నాను.

నేను బ్యాగులు కుట్టే కార్ఖానాలో పన్నెండేళ్ళ నుంచి పని చేస్తున్నాను. స్కూలు బ్యాగులు, ప్రయాణాల బ్యాగులు, వాటి పట్టీలు. ఏ కుట్టు ఎంత బరువు మోస్తుందో చేత్తో తడిమి చెప్పగలను. పెద్దాడి బూటుకి అడుగు చుట్టూ లావు దారంతో కుట్టు ఉంది, దారం లోపలికి వెళ్ళడం, బయటికి రావడం కంటికి కనిపిస్తోంది. చిన్నదాని బూటుకి కూడా చుట్టూ కుట్టు ఉంది. గోరు పెట్టి దారం పైకి లాగబోయాను. దారమే లేదు! రబ్బరు మీద కుట్టులాగా గీతలు అచ్చు వేశారు. అది కుట్టు కాదు, కుట్టు బొమ్మ. లోపలంతా జిగురు, జిగురు కింద అట్ట. మూడు జతలు ఈ అట్ట ముక్కలకి డబ్బు పోసి కొన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు కార్ఖానా నుంచి వస్తూ తూనీగని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను. సన్నటి పొడుగాటి గది, ఇరువైపులా పైకప్పు దాకా అట్టపెట్టెలు, వాటికి ఆనించిన నిచ్చెన. నేల మీద చిన్న అద్దం, అందులో కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఒక గోడంతా మగపిల్లల బూట్లు, ఎదుటి గోడంతా ఆడపిల్లలవి. సేల్స్‌మాన్ నడివయసు మనిషి, మమ్మల్ని గుర్తుపట్టి నవ్వాడు. నెలనెలా వస్తుంటే గుర్తుపట్టడూ మరి?

"అన్నా, రెండే మాటలు. ధర తక్కువుండాలి. గట్టిగా ఉండాలి."

"ఇవి చూడక్కా, కొత్త మోడల్." ఒక జత తీసి అద్దం ముందు పెట్టాడు. పట్టీ మీద చిన్న నల్ల పువ్వు ఉంది.

"నేను పువ్వు అడిగానా?"

"పాపకి బాగుంటుందక్కా."

బూటు తిరగేసి ఆ దొంగ కుట్టు మీద వేలు పెట్టాను. "ఇదేంటి?"

"కుట్టు."

"దారం ఏది?"

అతను బూటు వంక చూశాడు, నా వంక చూశాడు. "అది డిజైనక్కా" అన్నాడు.

"మరి ఆ గోడ మీద మగపిల్లల వాటికి నిజం కుట్టు ఎందుకుంది? ధర ఒకటేగా?"

"అవి వేరక్కా. మగపిల్లలు బాగా తిరుగుతారు, వాళ్ళకి అలాగే కావాలి. ఆడపిల్లలు కుదురుగా ఉంటారు కదా, అందుకని వీళ్ళవి తేలిగ్గా, ముద్దుగా చేస్తారు."

"కుదురుగా ఉంటారని నీకెవరు చెప్పారు?"

"నాకెవరు చెప్తారక్కా, కంపెనీ వాళ్ళు అలా పంపిస్తారు, నేను అమ్ముతాను. అయినా ఏమనుకోకు గానీ, పాపకి కాస్త చెప్పుకోవాలి. ఆడపిల్ల అంతలా పరిగెడితే ఏ బూటు మాత్రం ఆగుతుంది చెప్పు?"

తూనీగ తల వంచుకుంది. నేల మీది అద్దంలో తన కాళ్ళు చూసుకుంటోంది, ఏదో తప్పు చేసిన కాళ్ళని చూసినట్టు. అది చూశాక నాకు కోపం నషాళానికి అంటింది.

"ఏంటి చెప్పుకోవాలి? నడవడానికి బూట్లు అమ్ముతున్నావా, బొమ్మకి తొడగడానికి అమ్ముతున్నావా? మగపిల్లాడికైనా రెండే కాళ్ళు, మా పిల్లకైనా రెండే కాళ్ళు. వాళ్ళకో నేల, వీళ్ళకో నేల ఉందా? మా పిల్ల నీ షాపుకొచ్చే మగపిల్లలందర్నీ దాటి పరిగెడుతుంది, తెలుసా? ఆ గోడ మీంచి తియ్యి ఒక జత, లేసులవి!"

షాపులో ఉన్న తల్లులంతా మా వంక చూశారు. ఒకావిడ చేతిలోని పువ్వు బూటు తిరగేసి గోరుతో గీకి చూసింది. సేల్స్‌మాన్ నిచ్చెనెక్కాడు. కొత్త బూట్లు తొడుక్కుని తూనీగ షాపు బయటికి పోయి వీధి మలుపు దాకా పరిగెత్తి వచ్చింది. "అమ్మా, ఇవి కాలికి గట్టిగా పట్టుకుంటున్నాయి!" అంది ఎగశ్వాసతో. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా నా కాళ్ళు కూడా నేల మీద లేవు.

ఆ సంబరం తెల్లారేదాకే. మర్నాడు అసెంబ్లీలో దాన్ని వరసలోంచి తీసి పక్కన నిలబెట్టారు. మధ్యాహ్నం దాకా క్లాసు బయటే ఉంచారు. డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు: బాలికలు పట్టీ ఉన్న నల్ల బూట్లు మాత్రమే ధరించవలెను. 

"నువ్వేమన్నావే?" అని అడిగాను.

"మా అమ్మ కొనిందన్నాను. పిల్లలంతా నవ్వారు."

"పోనీలే, పట్టీవే కొందాం..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"పోనీలే అన్నావంటే బాగుండదు!" అన్నాను.

పూట సెలవు పెట్టి పెద్ద టీచర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గది చల్లగా ఉంది. అద్దాల బీరువాలో కప్పులున్నాయి, వాటి పక్కన ఫోటోల్లో రొమ్ము విరుచుకుని నిలబడ్డ మగపిల్లలున్నారు. పెద్దాడి క్లాసు వాళ్ళూ అందులో ఉన్నారు. నేను బూట్లు ఆవిడ బల్ల మీదే పెట్టాను. ఆవిడ కాగితాలు కొంచెం పక్కకి జరుపుకుంది.

"మేడమ్, ఇవి నల్లవి కావా?"

"నల్లవే."

"బూట్లు కావా?"

"అమ్మా, అవి మగపిల్లల బూట్లు."

"ఎక్కడ రాసుంది మేడమ్? నేను బోర్లించి చూశాను, లోపల చూశాను, ఎక్కడా కనబడలేదు."

"లేసులున్నాయి కదా. యూనిఫారం అంటేనే అందరూ ఒకేలా ఉండాలని."

"మరి మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకేలా లేరుగా? వాళ్ళకి కుట్టిన బూట్లు, వీళ్ళకి అంటించిన బూట్లు. ఇదేం ఒకటి?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు, నాకు అదే ఇంకా మంట. "చూడమ్మా, మీ పాపని ఒక్కదాన్ని వదిలేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. మంచిదేగా?"

"నేనేం చేయలేను. రూల్లో ఉంది. పట్టీ ఉండాలి."

"పట్టీ ఉంటే చాలా?"

"చాలు."

"ఇంకే పేచీ పెట్టరుగా?"

"నల్లగా ఉండి, పట్టీ ఉంటే నాకేం అభ్యంతరం లేదమ్మా" అంది ఆవిడ, నన్ను ఎలాగైనా పంపించేయాలని.

బూట్లు తీసుకుని బయటికొచ్చేశాను. పట్టీయేగా వీళ్ళకి కావలసింది? పన్నెండేళ్ళుగా నా బతుకంతా పట్టీలు కుట్టడమే. రోజుకి మూడొందల పట్టీలు నా చేతుల మీదుగా వెళ్తాయి. ఎవరితో పెట్టుకున్నారో చూపిస్తాను అనుకున్నాను.

కార్ఖానాలో మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే అందరూ కింద గదికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నా మిషను ముందే కూర్చుని బూట్ల లేసులు లాగేశాను. తుక్కు బుట్టలోంచి నల్ల పట్టీ మంచిది రెండు జానలు తీశాను, చిన్న బ్యాగులకి వాడే ప్లాస్టిక్ క్లిప్పులు రెండు ఏరాను. బూటు మిషను కింద దూరదు, అందుకని దబ్బనంతో రంధ్రాలు చేసి మైనం పూసిన దారంతో చేత్తోనే కుట్టాను. బూటు ముక్కు నా వైపు, క్లిప్పు నా కుడిచేతి వైపు. నలుచదరంగా కుట్టి, మధ్యలో అటొకటి ఇటొకటి అడ్డంగా, బరువు బ్యాగులకి వేసే కుట్టు. ఒకటి అయ్యాక రెండోది. ముక్కు నా వైపు, క్లిప్పు కుడిచేతి వైపు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి.

నా పక్క మిషను మీద పని చేసే ఆవిడని కార్ఖానాలో అందరం పిన్ని అంటాం. పిన్ని చేయి తుడుచుకుంటూ వచ్చి పట్టీ పట్టుకుని లాగి చూసింది. "ఏనుగుని కట్టేసినా తెగదే ఇది!" అంది. "అన్నం మానేసి మరీ కుట్టావు, ఆ టీచరమ్మ చూడాలి మొహం మాడ్చుకుని."

మాడ్చుకుంది కూడా. మర్నాడు స్కూలు వాకిట్లో దిగబెట్టడానికి నేనే వెళ్ళాను. పెద్ద టీచర్ బూట్ల వంక చూసింది, క్లిప్పు వంక చూసింది, నోరు తెరిచింది, మూసింది. పట్టీ ఉంది కదా మరి! నమస్కారం పెట్టి వచ్చేశాను. కార్ఖానాలో ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంట్లో మా ఆయనకి రెండుసార్లు చెప్పాను, పెద్దాడికి ఆవిడ నోరు తెరిచి మూసిన వైనం చేసి చూపించాను. తూనీగ కూడా నవ్వింది.

పదకొండో రోజు మధ్యాహ్నం కార్ఖానాకి ఫోనొచ్చింది. స్కూలు వరండా మెట్ల మీంచి పడిందని, గడ్డం పగిలిందని. సూపర్‌వైజర్‌కి చెప్పానో లేదో కూడా గుర్తు లేదు, పరిగెత్తాను.

డాక్టర్ దగ్గర పొడుగు బల్ల మీద పడుకుని ఉంది. గడ్డం కింద నాలుగు కుట్లు వేశారు. యూనిఫారం ముందంతా రక్తం ఎండిపోయి ఉంది. ఎడమ మణికట్టు వాచింది, నర్సు దానికి పట్టీ చుడుతోంది. "మెట్ల మీద నుంచి పరిగెత్తుతూ దిగిందటమ్మా, రెండు కాళ్ళూ ముడిపడిపోయాయట" అంది నర్సు. "ఎముక విరగలేదు, భయం లేదు. పన్ను పోయేది, అదృష్టం." 

నేను స్కూలునీ, మెట్లనీ, ఆ పెద్ద టీచర్నీ, కనబడ్డ ప్రతిదాన్నీ తిట్టడం మొదలుపెట్టాను. ట్యాంకరు మధ్యలో ఆపేసి మా ఆయన వచ్చాడు. పిల్ల తల నిమిరాడు. తర్వాత బల్ల కింద ఉన్న బూట్లు తీసి పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏమే, ఈ క్లిప్పులు రెండూ ఒకే వైపుకి ఉన్నాయేంటి?" అన్నాడు.

చూశాను. ఎడమ బూటు క్లిప్పు బయటి వైపుకి ఉంది. కుడి బూటుది లోపలికి ఉంది, ఎడమ కాలిని గీరుకునేట్టు. పరుగులో కాళ్ళు దగ్గరికొస్తే అది రెండో పట్టీకి తగులుకోక ఏం చేస్తుంది? బ్యాగుకి కుడీ ఎడమా ఉండవు. నేను కుట్టే పట్టీలన్నీ ఒకే వాటం, వెయ్యి కుట్టినా ఒకే వాటం. పన్నెండేళ్ళ చేతి అలవాటు, కాళ్ళు రెండు రకాలన్న సంగతే మర్చిపోయింది. ఆ చేతుల్ని చూసుకునే నేను అందరి దగ్గరా విర్రవీగాను.

"మొదటి రోజే తగిలిందమ్మా" అంది తూనీగ. గడ్డం కదలకుండా, పళ్ళ మధ్య నుంచి మాట్లాడింది.

"తెలిసీ చెప్పలేదేమే నాకు?"

"నువ్వు టీచర్ మీద గెలిచానని సంతోషంగా ఉన్నావు కదా."

అప్పుడు నేను ఏమనాలి? నాది తప్పమ్మా అనాలి. దగ్గరికి తీసుకోవాలి. ఏ తల్లయినా అదే చేస్తుంది. నాకు భయం వేసినా, సిగ్గు వేసినా, ఏడుపు వచ్చినా అన్నీ కోపమై నోట్లోంచి బయటికొస్తాయి, దరిద్రపు అలవాటు. "ఇంకోసారి పరిగెత్తావంటే కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతా!" అని అరిచాను. "విన్నావా? నీ పరుగు వల్లే వచ్చింది ఇదంతా! ఆడపిల్లవి, కుదురుగా ఉండలేవూ?"

నర్సు నా వంక చూసి మళ్ళీ పట్టీ చుట్టసాగింది. మా ఆయన పోనీలే అంటాడేమోనని చూశాను. అనలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ షాపువాడి మాట నా నోటితో నేనే నా పిల్లకి చెప్పానని ఇంటికొచ్చాక అర్థమైంది. అర్థమైనా ఏం చేశాను? ఏమీ చేయలేదు. రెండు రోజులు అందరి మీదా చిందులేశాను.

వారం తర్వాత అదే షాపుకి వెళ్ళి పువ్వు బూట్లు కొన్నాను. గట్టివి ఏవని అడగలేదు, తిరగేసి చూడలేదు. సేల్స్‌మాన్ పెట్టె కట్టి ఇచ్చాడు. తూనీగ "థ్యాంక్యూ అంకుల్" అంది. ఆ పెట్టెని ఇల్లు చేరేదాకా రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

నలభై రోజులు గడిచాయి. బూట్లకి ఏం కాలేదు. రెండు నెలలు గడిచాయి. ఏం కాలేదు. ఈసారి ఏదో మంచి సరుకు పడిందిలే అనుకున్నాను. "చూశావా, నువ్వు ఊరికే గోల చేశావు" అన్నాడు మా ఆయన. కుట్లు మానిపోయాయి, గడ్డం కింద సన్నటి గీత మిగిలింది. పని ఎక్కువైన రోజులు, బ్యాగుల ఆర్డర్లు మీద పడ్డ రోజులు, పిల్ల ఇంటికి నడిచి వస్తోందో పరిగెత్తి వస్తోందో కూడా నేను చూసుకోలేదు. చూసుకోలేదంటే, చూడబుద్ధి కాలేదు. చూస్తే ఆ రోజు అన్న మాట గుర్తొస్తుంది.

మూడో నెల చివర ఒక సెలవు రోజు నలుగురి బూట్లూ, చెప్పులూ ముందేసుకుని తుడుస్తున్నాను. తూనీగ బూటు చేతిలోకి తీసుకుని తిరగేశాను. మడమ దగ్గర గీతలు కొన్ననాటి లాగే పదునుగా ఉన్నాయి. ముందు వైపు అరగనే లేదు. వేళ్ళు మడిచే చోట పైతోలు ముడతలు పడాలి, ఎవరి బూటుకైనా పడతాయి, పరిగెత్తే వాళ్ళకి లోతుగా పడతాయి. దీనికి పడీ పడనట్టు ఒక్క గీత ఉంది. వాడిన బ్యాగు చేతికిస్తే లోపల ఏం మోశారో చెప్పేదాన్ని నేను. ఈ బూటులో ఏం జరుగుతోందో చెప్పడానికి నాకు ఇంకెవరూ అక్కర్లేదు. మిగతా చెప్పులు తుడవలేదు, అలాగే వదిలేసి లేచాను.

మర్నాడు ఇంటర్వెల్ వేళకి స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాను. గేటు ఊచల్లోంచి మైదానం అంతా కనబడుతుంది. పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు కేకలేస్తూ పరిగెడుతున్నారు, దుమ్ము లేస్తోంది. వాళ్ళలో నా పిల్ల లేదు. వెతగ్గా వెతగ్గా గేటు పక్కనే గోడ వారన అరుగు మీద కనబడింది. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పాదాలు రెండూ పొందిగ్గా జోడించి కూర్చుంది. ఒళ్ళో, చుట్టూ నీళ్ళ సీసాలు, అన్నీ ఆడుకునే వాళ్ళవి.

"ఏమే!" అన్నాను.

ఉలిక్కిపడి లేచి సీసాలు జాగ్రత్తగా దించి గేటు దగ్గరికొచ్చింది. నడిచి వచ్చింది. "ఏంటమ్మా, ఎందుకొచ్చావు?"

"ఆడుకోవడం లేదా?"

"నేను ఎవరు గెలిచారో చెప్తానమ్మా. సీసాలు కూడా చూసుకుంటాను."

"ఎవరు గెలుస్తున్నారు?"

"అదిగో, ఆ పొడుగబ్బాయి." చేత్తో చూపించింది. "ముందు నా తర్వాత వచ్చేవాడు. ఇప్పుడు వాడే ఫస్టు." మాటలో బాధ కూడా లేదు. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మొహం విప్పార్చి, ఒక కాలు ఎత్తి ఊచల దగ్గరికి పెట్టి చూపించింది. "చూడమ్మా, ఈసారి కొంచెం కూడా ఊడలేదు. వచ్చే ఏడు కూడా ఇవే వస్తాయి. నీకు కొనే పని లేదు."

నాకు అక్కడ గేటు పట్టుకుని ఊపేయాలనిపించింది. షాపు కూల్చేయాలనిపించింది. ఆ దొంగ కుట్టు అచ్చు వేసినవాడు, పట్టీ అని రూలు రాసినవాడు, అందరూ వరసగా నా ముందు నిలబడాలనిపించింది. ఆ వరసలో మొదట నిలబడాల్సింది నేనే. అది తెలిసి ఇంకా మండింది.

"విప్పు" అన్నాను.

"ఏంటి?"

"బూట్లు విప్పవే. ఇలా ఇచ్చెయ్."

"టీచర్ చూస్తుందమ్మా."

"చూడనీ! విప్పు."

వంగి పట్టీలు తీసింది. బూట్లు ఊచల్లోంచి నాకు అందించింది. మేజోళ్ళు కూడా లాగి ఒకదాంట్లో ఒకటి కుక్కి ఇచ్చింది. ఇసకలో దాని వట్టి పాదాలు తెల్లగా ఉన్నాయి. వరండాలో ఒక టీచర్ ఇటు తిరిగి, కళ్ళకి చేయి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఈల ఊదింది. నేను పట్టించుకోలేదు.

"ఇప్పుడు పరిగెత్తు."

కదల్లేదు. నా చేతిలోని బూట్ల వంక చూస్తోంది.

"పరిగెత్తవే తల్లీ! వెళ్ళు! వాణ్ణి దాటు!" గొంతు చించుకుని అరిచాను. కోపంగా అరవాలని కాదు. ఇంకోలా అరవడం నాకు రాదు.

అది వెళ్ళింది. మొదట నడిచింది, తర్వాత పరుగందుకుంది. ఎలా పరిగెత్తేదో నాకు తెలుసు, చూసిన ప్రతిసారీ నా కడుపు నిండేది. ఇది ఆ పరుగు కాదు. తల వంచుకుని, ఏ పాదం ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, చిన్న చిన్న అంగలు. పదిహేను అంగలు కూడా వేయలేదు. ఆగింది. ఆ పొడుగబ్బాయి దాని పక్క నుంచే దూసుకుపోయాడు, అది వాడి వంక చూడలేదు. వెనక్కి తిరిగి నా మొహం వంక చూసింది, ఇంకా కోపంగా ఉన్నానేమోనని.